రెండో చాబీ

సిరిసిల్ల నుంచి మానేరు వంతెన దాటి తంగళ్ళపల్లి వైపు వస్తే, సిద్దిపేట రోడ్డు మీద ఓ వాటర్ సర్వీసింగ్ షాపు ఉంది. ఆదివారం పొద్దున దాని ముందు కార్ల వరస ఉంటుంది. లోపల గోడకు ఒక చెక్కపలక, పలక నిండా మేకులు, మేకుకో చాబీ. వేములవాడ రాజన్న బొమ్మవి కొన్ని, కొండగట్టు అంజన్నవి కొన్ని, బుర్జ్ ఖలీఫా బొమ్మవి ఒకటో రెండో. కారు ఇచ్చినవాళ్ళంతా ఎదురుగా చాయ్ హోటల్లో ఉంటారు. ఎవడైనా వచ్చి మేకు మీది చాబీ తీసుకుని బండెక్కితే ఆపేవాడు లేడు. అయినా ఏ కారూ పోదు. ఎందుకంటే ఏ బండి ఎవరిదో నంబరు చూడకుండానే చెప్పగలిగినవాళ్ళు నలుగురు ఎప్పుడూ ఆ రోడ్డు మీదే ఉంటారు.

ఆ నలుగురి కాపలా ఊరి పొలిమేర వరకే. కరీంనగర్ బస్టాండు వెనక సందులోనో, సికింద్రాబాద్‌లో చుట్టాలింటి గల్లీలోనో ఆపిన రాత్రి మన కారును కాచేది చాబీ ఒక్కటే. ఆ చాబీ గురించి మనకు తెలిసింది తక్కువ. షోరూంవాళ్ళు రెండు ఇస్తారు కదా, అందులో రెండోదాని గురించి మరీ తక్కువ. నన్నడిగితే కారు భద్రతలో సగం ఆ రెండో చాబీ ఎక్కడుందన్న దాని మీదే ఆధారపడి ఉంది.

కొత్త కారు కొంటే మా వైపు ముందు పోయేది వేములవాడకో కొండగట్టుకో. పవన్ కల్యాణ్ కూడా తన ప్రచార వాహనం వారాహికి 2023 జనవరి 24న కొండగట్టులోనే పూజ చేయించుకున్నాడు. చక్రాల కింద నిమ్మకాయలు, ముందర కొబ్బరికాయ, బానెట్ మీద స్వస్తిక్. అయ్యగారు చాబీ అడిగి తీసుకుని, కుంకుమ బొట్టు పెట్టి చేతికిస్తారు. ఆ కుంకుమ రిమోట్ బటన్ల సందుల్లోకి దిగి నెలల తరబడి బొటనవేలికి అంటుతూనే ఉంటుంది. పూజకు వెళ్ళేది ఒక్క చాబీయే. రెండోది అప్పటికే బీరువాలో పట్టుచీరల కిందికి చేరి ఉంటుంది. కొన్నాళ్ళకు ఏ చీర కిందో కూడా మరిచిపోతారు.

ఆ నల్లటి ప్లాస్టిక్ పిడిలో రెండు వేర్వేరు సరుకులున్నాయి. జనం రెండింటినీ ఒకటే అనుకుంటారు. బటన్ నొక్కితే తలుపులు తెరిచేది రిమోట్. దానికి బిళ్ళ బ్యాటరీ కావాలి. నొక్కిన ప్రతిసారీ అది కొత్త కోడ్ పంపుతుంది. నిన్నటి కోడ్‌ను ఎవడో గాల్లోంచి పట్టి దాచుకున్నా ఈ రోజు తలుపు తెరుచుకోదు. ఇంజన్ నడవనిచ్చేది మాత్రం వేరే, బియ్యపు గింజంత చిప్. దానికి బ్యాటరీ లేదు. చాబీ దూర్చే చోట చుట్టూ సన్నటి తీగచుట్ట ఉంటుంది. చాబీ తిప్పగానే ఆ చుట్టలో పుట్టిన అయస్కాంత క్షేత్రమే చిప్‌కు కరెంటు. చిప్ తనెవరో చెబుతుంది, కారులోని కంప్యూటర్ తన దగ్గరున్న లెక్కతో పోల్చుకుంటుంది, కుదిరితేనే ఇంజన్‌ను నడవనిస్తుంది. మారుతి కార్ల అద్దం మీద 'ఐక్యాట్స్' అని స్టిక్కర్ కనబడేది చూడండి, అది ఈ ఏర్పాటే. మీటర్లో చాబీ బొమ్మ ఉన్న చిన్న లైటు దీని తాలూకుదే. చాబీ తిప్పగానే వెలిగి ఆరిపోతే గుర్తుపట్టినట్టు, టపటపా కొట్టుకుంటుంటే పట్టనట్టు.

అందుకే రిమోట్ బ్యాటరీ అయిపోతే బండి ఆగిపోయిందని మెకానిక్‌కు ఫోన్ కొట్టక్కర్లేదు. చాబీని చేత్తో తలుపుకు పెట్టి తిప్పండి, తర్వాత మామూలుగా స్టార్ట్ చేయండి. బటన్ నొక్కి స్టార్ట్ చేసే కార్లలో పిడి లోపలే చిన్న ఇనుప చాబీ దాక్కుని ఉంటుంది, దాంతో తలుపు తీయొచ్చు. ఆ తర్వాత చాలా మోడళ్ళలో చాబీనే స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే చాలు. ఇదంతా కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం ప్లాస్టిక్ కవరు విప్పకుండా డ్యాష్‌బోర్డు అరలో ఉంటుంది, పూజనాటి అక్షింతలతో సహా.

సిరిసిల్ల బజార్లో గొడుగు కింద కూర్చుని చాబీలు చేసే ఒక పెద్దాయన ఉన్నాడు. అంబాసిడర్ల కాలం నుంచీ అదే పని. ఖాళీ రేకును తాళంలో దూర్చి తిప్పి, పడ్డ గీతలు చూసి ఆకురాయితో అరగదీసేవాడు. ఇప్పుడు ఎవరన్నా కారు చాబీ తెస్తే ముందు పిడిని వేలితో తట్టి చూస్తాడు.

“చిప్పుదా సారూ? ఇనుము నేను కోసిస్త, తలుపు తెరుచుకుంటది. బండి మాత్రం నడువది.”

“మరెట్ల తాతా?”

“రెండోది ఉన్నదా ఇంట్ల? ఉంటే అగ్గువల అయితది. లేదంటే కంపెనీకి పో, జేబు ఖాళీ చేసుకొని రా.”

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కొత్త చాబీని కారుకు పరిచయం చేయాలంటే స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కు యంత్రం తగిలించి, సెక్యూరిటీ కోడ్ కొట్టాలి. పనిచేసే చాబీ ఒకటి చేతిలో ఉంటే అది తేలిక. రెండూ పోయాయా, కొన్ని కార్లలో ఆ కంప్యూటర్ డబ్బానే మార్చాల్సి వస్తుంది. దొంగను ఆపడానికి పెట్టిన గోడ అప్పుడు యజమానినీ ఆపేస్తుంది. దాన్ని తప్పు పట్టలేం, అది చేయాల్సిన పనే అది.

సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల వైపు రెండో చాబీకి ఇంకో దారి కూడా ఉంది, గల్ఫ్ దారి. లీవు మీద వచ్చిన మనిషి కారు కొంటాడు, నెల రోజులు తిప్పుతాడు, తిరిగి పోయేటప్పుడు 'నా కారు' అన్న ముచ్చటకు ఒక చాబీ సంచిలో వేసుకుంటాడు. కారు తంగళ్ళపల్లి వాకిట్లో, చాబీ షార్జా గదిలో మంచం కింది పెట్టెలో. ఇక్కడ తమ్ముడు మొదటి చాబీని పొలంలో పారేసుకున్నాడంటే, వచ్చే లీవు దాకా కారు మీద కోళ్ళు ఎక్కి కూర్చుంటాయి.

దేశాలు కూడా ఈ చిప్ సంగతిని ఒకే తీరుగా చూడలేదు. బ్రిటన్ 1998 అక్టోబర్ నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేసింది, కెనడా 2007లో. అమెరికా మాత్రం కంపెనీల ఇష్టానికి వదిలేసింది. ఫలితం 2021 తర్వాత బయటపడింది. అక్కడ అమ్మిన చాలా హ్యుందాయ్, కియా కార్లలో ఈ చిప్ ఏర్పాటు, అంటే ఇమ్మొబిలైజర్, లేదని మిల్‌వాకీ పోరగాళ్ళు కనిపెట్టి వీడియోలు పెట్టారు, కార్లు వరసపెట్టి మాయమయ్యాయి. 2023లో ఆ కంపెనీలు దాదాపు 83 లక్షల కార్లకు ఉచితంగా సాఫ్ట్‌వేర్ మార్చాల్సి వచ్చింది. అవే కంపెనీల కార్లు సరిహద్దు అవతల కెనడాలో అయితే చిప్‌తోనే అమ్ముడుపోయాయి. చదువుకని అమెరికా వెళ్ళి పాత కారు కొనే మన పిల్లలు మైలేజీ, ధర అడిగి ఊరుకోకుండా ఈ ఒక్క మాటా అడగాలి.

ఇక్కడ రెండో చాబీ విలువ తెలిసేది కారు పోయాక. ఇన్సూరెన్సు క్లెయిమ్ పెడితే ఎఫ్‌ఐఆర్, ఆర్‌సీ, బండి దొరకలేదన్న పోలీసు రిపోర్టుతో పాటు కంపెనీ అడిగేది రెండు చాబీలు. ఒకటే ఇస్తే మొదటి ప్రశ్న, “రెండోది కారుకే వదిలిపెట్టారా?” అని. అనుమానం అక్కడ మొదలైతే ఫైలు కదలదు. లారీకి చాబీ వదిలి డ్రైవర్ దిగిన కేసొకటి సుప్రీంకోర్టు దాకా పోయింది. నిర్లక్ష్యం ఉన్నా క్లెయిమ్ మొత్తం ఎగ్గొట్టడం కుదరదని, 75 శాతం కట్టమని కోర్టు 2023లో చెప్పింది. న్యాయమే, కానీ కారు మీద బ్యాంకు లోనుంటే ఆ మిగిలిన 25 శాతం ఎవరి జేబులోంచి పోతుందో చెప్పక్కర్లేదు. మరోపక్క, వాహనాలను పరీక్షించే సంస్థ ఏఆర్‌ఏఐ ఆమోదించిన యాంటీ థెఫ్ట్ పరికరం పెట్టించుకుంటే ప్రీమియంలో 2.5 శాతం తగ్గింపు, గరిష్ఠంగా 500 రూపాయలని పాత మోటారు ఇన్సూరెన్సు టారిఫ్‌లో రాసి ఉంది. 500 కోసం ఎవరూ పెట్టించుకోరని రాసినవాళ్ళకూ తెలిసే ఉంటుంది.

చాబీ కారుకే వదిలి, ఇంజన్ ఆపకుండా కిరాణా కొట్టు ముందు దిగిపోవడం మన రోడ్ల మీద రోజూ చూసేదే. డ్రైవర్ సీట్లో లైసెన్సున్న మనిషి లేకుండా బండిని అలా నిలపకూడదని 1988 మోటారు వాహనాల చట్టంలో 126వ సెక్షనే ఉంది. 'ఒక్క నిమిషమే' అనే మినహాయింపు అందులో నాకు కనబడలేదు.

బటన్ స్టార్ట్ కార్లు వచ్చాక ఇంకో తమాషా. మా చుట్టాల్లో ఒకాయన కారును సిరిసిల్ల దాకా తెచ్చి, స్టీరింగ్ కొడుక్కిచ్చి దిగిపోయాడు. చాబీ ఆయన జేబులోనే ఉంది. ఇంజన్ నడుస్తూనే ఉంది కాబట్టి కారు ఆగలేదు, చాబీ కనబడట్లేదని కుయ్యికుయ్యిమంది. అది సీటు బెల్టు గోలేమో అనుకుని కొడుకు పాటల సౌండు పెంచాడు. కరీంనగర్లో ఆపాడు, అంతే. బీరువాలోని రెండో చాబీ తీసుకుని ఇంట్లోవాళ్ళు బస్సెక్కాల్సి వచ్చింది. రోడ్డు మీద పోయే కారును మధ్యలో ఆపేస్తే ప్రాణాలకే ముప్పు, అందుకే దాన్ని అలా తయారుచేశారు. బ్రిటన్‌లో దొంగలైతే గుమ్మం దగ్గర పెట్టిన ఇలాంటి చాబీ సిగ్నల్‌ను అందుకుని వాకిట్లో కారు దాకా మోసుకెళ్తున్నారట. దానికి విరుగుడుగా అక్కడివాళ్ళు చాబీని మూతున్న రేకు డబ్బాలో పెడుతున్నారు. మన ఇళ్ళల్లో అలాంటి బిస్కెట్ డబ్బాలు ఎప్పటి నుంచో ఉన్నాయి, సూదీ దారాలు తీసి ఖాళీ చేయాలి, అంతే.

ఇన్ని మాటలూ దొంగ గురించే. ఊళ్ళో మాత్రం కారుకు లాక్ వేయాల్సింది దొంగ కోసం కన్నా పిల్లల కోసం. 2025 ఏప్రిల్‌లో చేవెళ్ళ మండలం దామరగిద్దలో ఇద్దరు ఆడపిల్లలు, మే నెలలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు పిల్లలు, ఆగి ఉన్న కారులోకి ఆడుకోవడానికి ఎక్కి బయటికి రాలేక ఊపిరాడక చనిపోయారు. తలుపు మూసుకున్నాక చిన్న పిల్లలకు లోపలి నుంచి తీయడం తెలియకపోవచ్చు. వెనక తలుపులకు చైల్డ్ లాక్ వేసి ఉంటే లోపలి పిడి ఎంత లాగినా ప్రయోజనం లేదు. ఎండలో అద్దాలు మూసిన కారు నిమిషాల్లో కొలిమి అయిపోతుంది. 'మన వాకిట్లో కారు ఎవడెత్తుకపోతడు' అని లాక్ వేయకుండా వదిలేవాళ్ళకు నేను చెప్పేది దొంగల ముచ్చట కాదు, ఇదే. ఇంటికి రాగానే అద్దాలెక్కించి, లోపల ఎవరూ లేరని వెనక సీటు చూసి, లాక్ వేసి, చాబీ పిల్లలకు అందని ఎత్తులో పెట్టాలి. చాబీ ఆడుకునే వస్తువు కాదు. ఏడుస్తున్న పిల్లాడి చేతికి ముందు ఇచ్చేది దాన్నే కదా మనం!

ఇక పాత కార్ల బేరాలు. మైలేజీ చూస్తారు, టైర్లు చూస్తారు, యాక్సిడెంటు అయిందేమోనని పెయింటు మీద వేలితో కొట్టి చూస్తారు. రెండో చాబీ అడిగేవాడు అరుదు. పాత ఓనరు దగ్గరో, అంతకు ముందు ఓనరు డ్రైవర్ దగ్గరో ఒక చాబీ ఉండిపోతే ఈ చిప్, ఈ కోడ్ అన్నీ ఉత్తవే. కారు దాన్ని ఇంకా ఇంటిమనిషనే అనుకుంటుంది. రెండూ తీసుకోవడమే కాదు, కొన్నాక యంత్రం తగిలించి పాత చాబీల లెక్కంతా చెరిపించి, చేతిలో ఉన్నవి మాత్రమే మళ్ళీ ఎక్కించుకోవాలి. అప్పుడు ఎక్కడో మిగిలిపోయిన చాబీ తలుపు తీయగలదేమో కానీ ఇంజన్‌ను నడపలేదు. కొత్త కారుతో వచ్చే చాబీ నంబరు బిళ్ళనూ అడిగి తీసుకోండి. దాన్ని చాబీతోనే గుత్తిలో తగిలించుకునేవాళ్ళున్నారు, అది వేరే చోట ఉండాలి.

మొన్న మా వాడకట్టులో ఒక బేరం కుదిరింది. అమ్మేవాడి అన్న దుబాయ్‌లో, రెండో చాబీ ఆయన దగ్గర. కొనేవాడు మగ్గం కార్ఖానాలో లెక్కలు రాసే మనిషి, ఊరికే ఊరుకునే రకం కాదు. పైసలు లెక్కపెట్టి ఇచ్చి ఇరవై వేలు మాత్రం పక్కన పెట్టుకున్నాడు.

“అవెందుకే ఆపుతున్నవ్?” అన్నాడు అమ్మేవాడు.

“అన్న చాబీ పంపిననాడు ఇస్తనే.”

“ఒక్క చాబీకి ఇరవై వేలా?”

“చాబీకి కాదన్నా, మీ అన్నకు యాది ఉండటానికి.”

రెండు వారాల్లో, లీవు మీద వస్తున్న ఒక కోరుట్ల మనిషి సంచిలో, ఖర్జూరం డబ్బాతో పాటు చాబీ వచ్చింది.