కనిపెట్టుకునే విద్య

కర్నూలు నుంచి నంద్యాల పోయే దారిలో ఓర్వకల్లు బండలను చూసి బండి ఆపని కొత్తవాళ్లు తక్కువ. రాక్ గార్డెన్ అంత పేరు తెచ్చింది. 2021లో విమానాశ్రయం వచ్చాక ఊరి పేరు ఇంకా దూరం పాకింది. అయితే ఈ చుట్టుపక్కల పల్లెల్లో చూడదగ్గ పనితనం ఇంకొకటుంది. అది రోడ్డు మీద కనబడదు. తొలికోడి కూసే వేళకు, తలుపు దగ్గరగా వేసిన ఇంట్లో జరుగుతుంది.

చాప మీద ఒక అవ్వ. ఎదురుగా ఏడో తరగతి చదివే మనవడు, వాడి ఒళ్లో పెద్దక్షరాల బైబిలు. అట్ట ఊడిపోకుండా పాత చీర పేలికతో కుట్టిన తొడుగు. పుటల మధ్య గుర్తుకు చీపురుపుల్లలు, మందుల చీటీ ముక్కలు, ఎండిపోయిన చింతాకు రెమ్మ ఒకటి. అవ్వకు అక్షరం రాదు. అయినా ఏ పుల్ల ఏ కీర్తన దగ్గరుందో తడుముకోకుండా చెబుతుంది. మనవడు 63వ కీర్తన చదువుతున్నాడు. దావీదు యూదా అడవిలో ఉన్నప్పటిదని పేరున్న కీర్తన, నీళ్లు దొరకని ఎండు నేల మీద దేవుని కోసం దప్పిగొన్నవాడి పాట. 11 వచనాలే. వాడు గబగబా ముగించేశాడు.

"ఆడ నిలుపు రా. మొదటిది మళ్లా ఒకతూరి సదువు."

"మూడు తూర్లు సదివితి కదవ్వా!"

"సదివితివి. నాకింకా తగల్లా."

ఆ "తగలడం" అనే మాటలోనే ఈ సంప్రదాయం మొత్తం ఉంది. ఈ వాక్యంతో దేవుడు నాతో మాట్లాడాడు అని తెలుగు క్రైస్తవులు సాక్ష్యాల్లో చెప్పుకుంటారు. బయటివాళ్లకు అది ఉత్త భక్తి మాటగా వినబడవచ్చు. కానీ ఆ మాట అనే హక్కు కోసం ఆ అవ్వలాంటి వాళ్లు పడే పాటు చూస్తే, వీణ మీద గమకం పలికించడానికి ఏళ్ల తరబడి సాధన చేసే విద్వాంసులు గుర్తొస్తారు. వినడం కూడా విద్యే. దానికీ గురువులున్నారు, పాఠాలున్నాయి, అపస్వరాలున్నాయి.

ఆ విద్యకు తెలుగు బైబిలు పెట్టిన పేరు "కనిపెట్టడం". ఇవాళ ఆ మాట వింటే శాస్త్రవేత్తలు, కొత్త యంత్రాలు గుర్తుకొస్తాయి. పల్లెలో మాత్రం పాత అర్థం ఇంకా బతికే ఉంది. చేను కనిపెట్టుకుని ఉండు అంటారు, చంటిబిడ్డను కనిపెట్టుకుని ఉండు అంటారు. కన్ను తిప్పకుండా, చేయి చాచి ఉంచి, ఓపికగా కాచుకోవడం. దేవుని కోసం కాచుకోవడానికి అనువాదకులు ఆ మాటనే ఎంచుకున్నారు. ఎంత గొప్ప ఎంపిక! కాచుకున్నవాడికే దొరుకుతుందన్న సంగతి ఒక్క క్రియాపదంలో ఇమిడిపోయింది.

వాన కోసం ఆకాశం వైపు చూసి చూసి కళ్లు కాయలు కాచిన సీమ రైతుకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. రాజుల మొదటి గ్రంథం 18వ అధ్యాయంలో ఏలీయా కర్మెలు కొండ మీద వాన కోసం ప్రార్థిస్తాడు. తల మోకాళ్ల మధ్య పెట్టుకుని, పనివాణ్ణి సముద్రం వైపు చూసి రమ్మని పంపుతాడు. ఏమీ లేదంటాడు వాడు. మళ్లీ పంపుతాడు. ఏడోసారి వెళ్లినప్పుడు మనిషి చెయ్యంత మబ్బు కనబడుతుంది. ఆ తర్వాతి అధ్యాయంలో అదే ఏలీయా హోరేబు దగ్గర నిలబడినప్పుడు పెనుగాలి వస్తుంది, భూకంపం వస్తుంది, అగ్ని వస్తుంది. వాటిలో దేవుడు లేడు. అవన్నీ పోయాక సన్నగా ఒక స్వరం వినబడింది. ఈ రెండు అధ్యాయాలూ పక్కపక్కనే ఉండడం ఊరికే కాదు. ఏడుసార్లు చూసే ఓపిక ఉన్నవాడికే ఆ సన్నని స్వరం అందింది.

ఇక పనితనం సంగతి. మొదటి మెట్టు మనసును కుదురుపరచుకోవడం. బైబిలు మిషను వ్యవస్థాపకులు దేవదాసు అయ్యగారు దీన్నే "మనో నిదానం" అన్నారు. చాప మీద కూర్చోగానే వేరుశనగ అప్పు, కూతురి పెళ్లి, మోటారు రిపేరు అన్నీ ఒకేసారి మీద పడతాయి. వాటిని తరిమేయాలని చూస్తే ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. అనుభవమున్నవాళ్లు తరమరు. ఒక్కొక్కటినీ పేరు పెట్టి దేవునికి చెప్పేసి, అక్కడే వదిలేసి, మళ్లీ వాక్యం దగ్గరికి వస్తారు. మనసు పదిసార్లు పోతే పదిసార్లు వస్తారు. ఆ తిరిగి రావడమే సాధన.

తర్వాత చదువు. పైకి చదవాలి, కొంచెమే చదవాలి. మొదటి కీర్తనలో ధ్యానం అని మనం చదువుకునే చోట హీబ్రూలో ఉన్న మాట "హాగా". దాని అర్థం పెదవుల మీద గొణుక్కోవడం. యెషయా గ్రంథంలో సింహం గుర్రుమనడానికీ, గువ్వ మూలగడానికీ అదే మాట వాడారు. అంటే కళ్లు మూసుకుని నోరు మెదపకుండా కూర్చోవడం ఒక్కటే బైబిలు ధ్యానం కాదు. గొంతు కదలాలి, నాలుక రుచి చూడాలి. పగలంతా మేసిన ఆవు నీడపట్టున నెమరు వేసినట్టు, ఆ వాక్యం మళ్లీ మళ్లీ నోట్లోకి రావాలి. చదువురాని అవ్వ మనవడిచేత నాలుగోసారి చదివించడం చాదస్తం కాదు. ఆమెకు తెలియకుండానే హీబ్రూ పద్ధతి పట్టుకుంది.

ఐరోపా సన్యాసులకూ ఇలాంటి దారి ఉంది. 12వ శతాబ్దంలో గీగో అనే మఠాధిపతి చదవడం, నెమరు వేయడం, ప్రార్థించడం, నిలిచి చూడడం అని నాలుగు మెట్లు రాసిపెట్టాడు. బెనెడిక్టు అనే సన్యాసి తన మఠ నియమావళిని ఆలకించు అన్న మాటతోనే మొదలుపెట్టాడు. అంత దూరం పోకపోయినా మన పల్లె చాప మీద ఆ మెట్లన్నీ ఉన్నాయి.

చదివాక ఊరుకోవాలి. కష్టమైన మెట్టు ఇదే. అడగాల్సినవన్నీ అడిగేసి ఆమేన్ అని లేచిపోవడం అందరికీ వచ్చు. అడిగి, జవాబు కోసం కూర్చునేవాళ్లు ఎంతమంది? డాక్టరు దగ్గరికి వెళ్లి బాధలన్నీ ఏకరువు పెట్టి, చీటీ తీసుకోకుండా ఇంటికొచ్చేవాడిని ఏమంటాం?

చివరిది పరీక్ష. మనసులో మెదిలిన ప్రతి మాటా దేవునిది కాదు. బాల సమూయేలు సంగతే చూడండి. దేవుడు పిలిస్తే మూడుసార్లు ఏలీ దగ్గరికి పరిగెత్తాడు. చూపు మందగించిన ముసలి యాజకుడు ఎలా జవాబివ్వాలో నేర్పితేనే నాలుగోసారి నిలబడి విన్నాడు. అందుకే పెద్దలు మూడు ప్రశ్నలు వేసుకోమంటారు. విన్నది లేఖనంతో పొసగుతుందా? అనుభవమున్న విశ్వాసులు విని ఒప్పుకుంటారా? నాలుగు రోజులు ఆగితే నిలుస్తుందా, ఆవిరైపోతుందా? సొంత కోరికకు మరీ అనుకూలంగా వినబడితే ఇంకో వారం ఆగమంటారు. పౌలు బోధించిన మాటే బెరయ వాళ్లు లేఖనాలు తిరగేసి సరిచూసుకున్నారు. దానికి వాళ్లను ఘనులన్నారే గానీ అవిశ్వాసులనలేదు.

ఈ విద్యలో తెలుగువాళ్లకు గొప్ప గురువులు దొరికారు. ముంగమూరి దేవదాసు అయ్యగారు రాజమండ్రి లూథరన్ సంఘంలో పనిచేసి, 1938లో బైబిలు మిషను మొదలుపెట్టారు. ఆయన మీద ఎన్ని వాదాలున్నా, సామాన్యుడికి ఆయన ఇచ్చిన ధైర్యం ముందు అవి నిలవవు. సందేహమొస్తే పండితుణ్ణి కాదు, దేవుణ్ణే అడుగు, అడిగి సన్నిధిలో కూర్చో అన్నారు. దొరల దగ్గరా పాస్టర్ల దగ్గరా చేతులు కట్టుకుని నిలబడే కాలంలో పల్లె మనిషికి ఆ మాట ఎంత పెద్ద మాట! "సన్నిధి" అన్న పదాన్ని ఆయనంత తీపిగా వాడినవారు ఇంకొకరు లేరు. 1960లో ఆయన వెళ్లిపోయారు. ఇప్పటికీ ఏటా జనవరి చివర్లో గుంటూరు దగ్గర జరిగే మహాసభలకు రాష్ట్రం నలుమూలల నుంచీ బస్సులు కదులుతాయి.

భక్తసింగ్ గారిది ఇంకో తీరు. పంజాబీ సిక్కు కుటుంబంలో 1903లో పుట్టారు. చిన్నప్పుడు బహుమతిగా వచ్చిన బైబిలును చింపేసి, అందమైన తోలు అట్ట ఒక్కటే దాచుకున్న మనిషి. 1929 డిసెంబరులో, కెనడాలోని విన్నిపెగ్‌లో, ఒక స్నేహితుడు ఇచ్చిన చిన్న కొత్త నిబంధన పట్టుకుని రాత్రి పొద్దుపోయేదాకా చదివారు. మర్నాడు యోహాను సువార్త 3వ అధ్యాయంలో యేసు నిశ్చయంగా చెబుతున్నానన్న చోట ఆగిపోయారు. ముందుకు కదల్లేకపోయారు. ఇదే "తగలడం". చింపిన గ్రంథమే ఆయన్ని పట్టుకుంది. 1933లో దేశానికి తిరిగి వచ్చి, 1950లో హైదరాబాదులో హెబ్రోను అనే ఆరాధన కేంద్రాన్ని నెలకొల్పి, 2000లో కన్నుమూశారు. బైబిలు మోకాళ్ల మీదే చదివేవారు. ప్రసంగానికి ముందు గంటల తరబడి మోకాళ్ల మీద ఉండేవారు. చేతిలో కాగితం ఉండేది కాదు. చాపల మీద కూర్చున్న వేలమంది పుటలు తిప్పుతుంటే ఆ గలగలే పాటలా ఉండేదని ఆనాటివాళ్లు చెబుతారు.

వీళ్లకంటే ముందు ఒక చర్మకారుడున్నాడు. ఎర్రగుంట్ల పేరయ్య. బైబిలు పేరైనా వినకముందే వీరమ్మ అనే గురువమ్మ దగ్గర రాజయోగం నేర్చుకుని, కళ్లూ చెవులూ మూసుకుని లోపలి స్వరం కోసం వెతికినవాడు. తోళ్ల వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు క్రీస్తు సంగతి విన్నాడు. 1866లో ఒంగోలులో బాప్తిస్మం తీసుకున్నాడు. మరుసటి జనవరిలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరను తాళ్లకొండపాడుకు రప్పించాడు. జనం సద్ది మూటలు కట్టుకొచ్చి చింతతోపులో రోజుల తరబడి కూర్చుని విన్నారు. చివరికి 28 మంది బాప్తిస్మం పొందారు. చరిత్ర రాసేవాళ్లంతా ధాతు కరువు తర్వాత, 1878 జూలై 3న, ఒక్కరోజులో జరిగిన 2,222 బాప్తిస్మాలనే చాటుతారు. ఆ చింతతోపు నీడ లేకుండా ఆ అంకె ఎక్కడిది? అంతకుముందే 1854 కొత్త సంవత్సరం వేకువన అదే మిషనుకు చెందిన జువెట్ దంపతులతో కలిసి అయిదుగురు ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. ఆ అమెరికన్ బాప్టిస్టు మిషనే తర్వాత కర్నూలుకు వచ్చింది.

ఇన్ని చెవులు విన్న ఆ తెలుగు బైబిలు కథ కూడా పెద్దదే. షుల్జ్ అనే మిషనరీ 18వ శతాబ్దంలో మద్రాసులో చేసిన అనువాదం అచ్చుకాలేదు. విశాఖపట్నం మిషనరీలు ఆనందరాయర్ సాయంతో చేసిన సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ తర్వాత ఎన్నో చేతులు మారి మన చేతికొచ్చింది. ఈమధ్య సులభ అనువాదాలు చాలా వచ్చాయి. అర్థం కోసం అవి పక్కన ఉండాల్సిందే. కానీ నెమరు వేయడానికి పాతదానికి పాతదే సాటి. దేవుడు "సెలవిచ్చెను" అన్నప్పుడు వినేవాడు తనంతట తానే కొంచెం వంగుతాడు. "చెప్పాడు" అంటే ఆ వంపు రాదు.

ఇంత సంపద ఉండి ఇప్పుడు ఏం జరుగుతోంది? డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానాల పెట్టె తిరుగుతుంది. చెయ్యి పెట్టి ఒక కార్డు తీస్తే అదే ఏడాది మొత్తానికి దేవుని మాట! యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం వస్తే పండగే. దానికి ముందున్న 10వ వచనం ఏ కార్డు మీదా కనబడదు. బబులోను చెరలో 70 ఏళ్లు ఉండాలని అందులో ఉంది. చెరలో ఉన్నవాళ్లకు, ఇళ్లు కట్టుకుని తోటలు నాటుకుని ఓపిగ్గా ఉండండని రాసిన ఉత్తరాన్ని ముక్కలు చేసి లాటరీ టికెట్టులా పంచుతున్నారు. కనిపెట్టమని చెప్పిన వాక్యంతోనే కనిపెట్టనక్కర్లేదని నేర్పుతున్నారు. ఇది చిన్న తప్పు కాదు.

అంతకంటే ఘోరం ఫోన్లలో దొరికే ప్రవచనాలు. పేరు చెబుతారు, ఊరు చెబుతారు, వీసా వస్తుందంటారు, కింద ఖాతా నంబరు చూపిస్తారు. సీసాల్లో నూనె అమ్ముతారు. చెవులు పగిలే సౌండు బాక్సుల మధ్య నాకు ఇప్పుడే స్వరం వినబడింది అంటారు. ఏలీయాకు గాలిలో, భూకంపంలో, అగ్నిలో దొరకనిది వీళ్లకు ఆంప్లిఫయరులో దొరికిందట! ప్రవచనాన్ని తృణీకరించవద్దన్న పౌలే సమస్తాన్నీ పరీక్షించమన్నాడు. ఆ రెండో మాట వేదిక మీద ఎవరూ ఎత్తరు. ఎత్తితే వ్యాపారం సాగదు. నష్టపోయేది ఎవరు? బోరు ఎండి, అప్పు పెరిగి, ఒక్క మాట కోసం ఆశగా వచ్చిన రైతు భార్య. ఆమెకు వినడం నేర్పాల్సిన చోట వినిపిస్తామని డబ్బు తీసుకుంటున్నారు.

పాస్టర్లు ఒక పని చేయగలరు. ఆదివారం ఆరాధనలో వాక్యం చదివాక పది నిమిషాలు మైకు ఆపేయండి. కీబోర్డు కూడా వద్దు. మొదటి వారం జనం దగ్గుతారు, పిల్లలు ఏడుస్తారు, కొందరు వాచీ చూస్తారు. మానకండి. సండే స్కూలులో వచనం అప్పజెప్పినందుకు బహుమతి ఇస్తున్నారు కదా, ఆ వచనానికి ముందూ వెనకా ఏముందో చెప్పిన పిల్లకు ఇంకో బహుమతి ఇవ్వండి.

ఇళ్లలో చేయాల్సింది ఇంకొకటుంది. పెద్దవాళ్లు పోయినప్పుడు వాళ్ల బైబిలు పెట్టెలో గుండెల మీద ఉంచి సాగనంపడం చాలా కుటుంబాల్లో ఆనవాయితీ. ప్రేమతో చేసే పనే. కానీ పెట్టె మూసేముందు ఆ గ్రంథాన్ని ఒక్కసారి తెరవండి. చీపురుపుల్లలు ఎక్కడున్నాయో చూడండి. బొటనవేలి జిడ్డుతో మెత్తబడ్డ పుట ఏదో, అంచున ఏ తేదీ రాసుందో చూసి ఒక కాగితం మీద ఎక్కించుకోండి. వీలైతే ఆ బైబిలును ఇంట్లోనే ఉంచి, వేరొకటి పెట్టెలో పెట్టండి. ఓర్వకల్లు దగ్గరి ఆ మనవడికి 63వ కీర్తనలో ఎక్కడ ఆగాలో ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. మొన్న అవ్వ చెప్పకముందే మొదటి వచనం దగ్గర ఆగి, తల ఎత్తి ఆమె ముఖం చూశాడు. ఆమె కళ్లు మూసుకునే ఉంది. వాడు ఇంకోసారి, ఈసారి నెమ్మదిగా, చదివాడు.