సాక్ష్యమును దాచని పాండిత్యము

ఏటేట ఆగస్టు 29వ తేదీన మన పాఠశాలలలో గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి పటమునకు పూలదండ పడుచున్నది. వ్యావహారిక భాషకై పోరాడిన వీరుడని ఉపన్యాసములు జరుగుచున్నవి. అంతయు సమంజసమే. (ఆ మహనీయుని గ్రాంథికమున పొగడుచున్నామని పాఠకులు నవ్వుకొందురేమో, నవ్వుకొందురు గాక.) కాని వారు ఏ పక్షమున నిలిచిరో చెప్పువారే కాని, ఆ పక్షమును ఎట్లు నిలిపిరో చెప్పువారు అరుదు. వారి వాదము గెలిచినది. వారు వాదించిన పద్ధతి మాత్రము మన పరిశోధకులకు ఇంకను పట్టుబడలేదని మా అభిప్రాయము.

ఆ పద్ధతి వారికి శాసనముల యొద్ద అలవడినదని మేము తలచుచున్నాము. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, శ్రీముఖలింగ దేవాలయపు శాసనములను చదువుటకై వారు ప్రాచీన లిపులను స్వయముగా అభ్యసించిరి. ఎపిగ్రాఫియా ఇండికా నాలుగవ సంపుటమున (1896-97) వజ్రహస్తుని నడగాము తామ్రశాసనమును ప్రకటించిరి. అది శక సంవత్సరము 979 నాటిది. శాసన పరిశోధకుల మర్యాద యొకటి ఇచ్చట గమనింపదగినది. శాసనమున ఇట్లున్నదని చెప్పి వారు ఊరకుండరు. రేకులు దొరకిన చోటును, కొలతలను, లిపి లక్షణమును చెప్పుదురు. పంక్తుల వారీగా పాఠము నిత్తురు. చెరిగిన అక్షరమును చెరిగినదనియే గుర్తు పెట్టుదురు. వీలైనచో రేకుల ప్రతిబింబమును గూడ ప్రక్కన అచ్చు వేయింతురు. చదువరి తన కంటితో చూచి, అయ్యా, తాము చదివిన అక్షరము అది కాదు అని ఆక్షేపింపవచ్చును. ప్రతిబింబమును ఇచ్చుట యనగా ఆక్షేపించువానిని పీట వేసి కూర్చుండబెట్టుటయే.

భాషావివాదమున గూడ పంతులుగారు ఈ మర్యాదను విడువలేదు. గద్యచింతామణిలో పూర్వుల గద్యమును భాగములు భాగములుగా ఎత్తి చూపిరి. బాలకవిశరణ్యమున కవి ప్రయోగములను రాశి పోసిరి. ఆంధ్రపండిత భిషక్కుల భాషాభేషజమున పండితుల వ్రాతలనే పండితుల నియమముల యెదుట నిలిపిరి. ఎత్తిన ప్రయోగము తప్పయినచో మూలము విప్పి ఎవరైనను పట్టుకొనవచ్చును. విజయనగరము నుండి గురజాడ అప్పారావుగారు 1914లో మదరాసు విశ్వవిద్యాలయమునకు వ్రాసిన అసమ్మతి పత్రము గూడ ఈ కోవలోనిదే.

ఇక నేటి సంగతి. విశ్వవిద్యాలయముల సిద్ధాంత గ్రంథములు నేడు శోధగంగ అను భాండారమున ఇంటింటికి అందుచున్నవి. శాస్త్ర పరిశోధన యెల్లరకు తెరచియుండవలెనని యునెస్కో 2021లో తీర్మానించినది. మంచిదే. కాని ఆ గ్రంథములలో మనకు అందునది నిర్ణయము, సాక్ష్యము కాదు. మాండలిక పరిశోధనములు మేము చూచిన పెక్కింటిలో ‘ఈ ప్రాంతమున ఇట్లందురు’ అని యుండును. ఏ యూర? ఎవరు? ఏ వయసువారు? వారి మాట ముద్రించిన ధ్వని యెక్కడ? ఒక పరిశోధకుని, మా విద్యార్థుల కొరకు, ఆయన సేకరించిన పల్లె మాటల పట్టికను అడిగితిమి. పుస్తకము వచ్చిన పిమ్మట చూతమనెను. పుస్తకము వచ్చినది, పట్టిక రాలేదు.

దీనికి లోభమే కారణమనుట అన్యాయము. ఉద్యోగము స్థిరపడని యువకుడు, ఏండ్ల తరబడి ఎండలో తిరిగి కూర్చినది మరియొకడు ఒక్క పూటలో ఎత్తుకొనిపోవునేమో యని భయపడును. భయము నిజమైనదే. దానికి మందు గూడ శాసనముల మర్యాదలోనే కలదు. తరువాతివారు ఎంత సవరించినను, నడగాము రేకులను తొలుత ప్రకటించినవారు రామమూర్తి పంతులుగారనియే నేటికిని వ్రాయవలసియున్నది. సేకరించిన పట్టికకు గూడ అట్టి గౌరవము మన విశ్వవిద్యాలయములు ఇచ్చినచో ఎవడును దానిని పెట్టెలో దాచుకొనడు.

ఇంతకంటె కష్టమైన ప్రశ్న యొకటి యున్నది. తెరచుట ఎవరికి? పంతులుగారు సవరలను తమ యింట నుంచుకొని వారి భాష నేర్చిరి. సవర భాషలో చదువు చెప్పు బడులు పెట్టించిరి. వారి సవర వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను మదరాసు ప్రభుత్వము వారి అచ్చున వెలువడినవి. గొప్ప గ్రంథములు. కాని నిఘంటువున సవర మాట రోమను లిపిలో, అర్థము ఇంగ్లీషులో నున్నవి. మాట నిచ్చిన సవరకు అది అక్కరకు రాదు; కలెక్టరునకు వచ్చును. ఆ నడుమనే, 1936లో, మంగేయి గొమాంగో అను సవర తన భాషకు సొరసోంపెంగ్ అను లిపిని తానే కల్పించెను. నేడు సీతంపేట కొండలలో మాటలు సేకరించి ఇంగ్లీషున వ్రాసిన గ్రంథము లోకమునకెల్ల తెరచియుండియు, సీతంపేటకు మూసియే యుండును. అంతేకాదు, పూజలలో పలుకు మాటలను అందరి యెదుట పెట్టుట వారికి ఇష్టమో కాదో అడుగవలసిన వారమును మనమే.

పంతులుగారి గ్రంథములపై హక్కుల కాలము ఏనాడో తీరినది. ఆ నిఘంటువును తెలుగు అర్థములతో, సవర పిల్లలు పలికిన ధ్వనులతో మరల కూర్చుట కొండబడిలోని ఒక ఉపాధ్యాయుడు రేపే మొదలు పెట్టవచ్చును. ఆ పిల్లల యొక్కయు, వారి పెద్దల యొక్కయు అనుమతి తప్ప అతనికి మరి యెవరి అనుమతియు అక్కరలేదు.