ముందు ముల్కియా, తర్వాత ఇంజన్

పాత నిస్సాన్ పాట్రోల్‌కి ఏ ఇంజన్ వేయిస్తే బాగుంటుందని అడిగితే, పని తెలిసిన మేస్త్రీ వెంటనే ఇంజన్ పేరు చెప్పడు. "ముందు ముల్కియా చూపించు" అంటాడు. ముల్కియా అంటే ఎమిరేట్స్‌లో బండి రిజిస్ట్రేషన్ కార్డు. బండి ఏ ఏడాదిది, ఛాసిస్ నంబరు ఎంత, ఇంజన్ నంబరు ఎంత అన్నవి చూసుకున్నాకే బానెట్ ఎత్తుతాడు. ఇంజన్ మార్పు అనే విద్యలో మొదటి పాఠం ఆ కార్డులోనే ఉంది.

అబూ ధాబీ నగరం దాటి ఎడారి వైపు వెళ్తే వచ్చే శివారు బనియాస్. దగ్గర్లోనే ముసఫ్ఫా పారిశ్రామికవాడ, వీధుల నిండా గ్యారేజీలు. గల్ఫ్‌లో మనవాళ్ళు ఇలాంటి చోటును 'సనయ్యా' అంటారు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి బతుకుతెరువుకు వచ్చినవాళ్ళకు ఈ సనయ్యాలు బాగా తెలిసిన లోకం. బనియాస్ అన్న పేరు బనీ యాస్ తెగది. ఆ తెగ మూలాలు దక్షిణాన లివా ఒయాసిస్సులో ఉన్నాయి. అదే లివాలో ఇప్పుడు చలికాలం పండుగకి బండ్లన్నీ చేరతాయి. సుమారు 300 మీటర్ల ఎత్తున, 50 డిగ్రీల వాలుతో నిలిచిన మొరీబ్ ఇసుక దిబ్బను ఎవరి బండి ముందు ఎక్కుతుందో అక్కడ తేలుతుంది. ఆ దిబ్బ నీడలోనే ఈ దేశపు ఇంజన్ మార్పు సంప్రదాయం పెరిగింది.

పాత బండి మీద ఎందుకింత మమకారం

ఇసుక మీద బండి నడవాలంటే వేగం ఒక్కటే చాలదు, ఇంజన్ తక్కువ చుట్లు తిరిగేటప్పుడే లాగే బలం కావాలి. గట్టి ఛాసిస్, ముందూ వెనకా దృఢమైన ఇరుసులు ఉన్న పాట్రోల్ వై60 (1987-1997), ఆ తర్వాత వచ్చిన వై61 ఇక్కడివాళ్ళకు అందుకే ప్రాణం. ఛాసిస్ ముప్పై ఏళ్ళయినా చెక్కుచెదరదు. ఎండకీ ఇసుకకీ ముందుగా అలిసిపోయేది ఇంజనే. అంత మంచి బండిని తుక్కుకు పంపడానికి మనసొప్పక, ఇంజన్ మార్చి నిలబెట్టుకోవడం అలవాటైంది.

అయితే దిబ్బ ఎక్కే పందెపు బండి వేరు, రోడ్డెక్కే బండి వేరు. మొదటిది ట్రెయిలర్ మీద లివాకి వెళ్ళి, ట్రెయిలర్ మీదే తిరిగొస్తుంది. దానికి పొగ లెక్కలేదు. రెండోది నంబరు ప్లేటుతో పిల్లల్ని బడికి దింపాలి, ఏటా పాసింగుకి, అంటే బండి తనిఖీకి, నిలబడాలి. ఈ తేడా మరిచిపోయినవాళ్ళే నష్టపోతారు. 2017 నాటి సమాఖ్య నిబంధనల ప్రకారం అనుమతి లేకుండా ఇంజన్ గానీ ఛాసిస్ గానీ మారిస్తే 1,000 దిర్హాముల జరిమానా, 12 బ్లాక్ పాయింట్లు, 30 రోజులు బండి జప్తు. 24 పాయింట్లు నిండితే లైసెన్సే ఆగిపోతుంది. అంటే ఒక్క తప్పుతో సగం దూరం వెళ్ళిపోయినట్టు. అబూ ధాబీలో 2020 నాటి 5వ నంబరు చట్టం ఇంకా కఠినం. ఇలా జప్తయిన బండిని విడిపించుకోవడానికి 10,000 దిర్హాములు కట్టాలి.

సంబంధం కుదిర్చే పద్ధతి

రోడ్డు బండికి ఇంజన్ ఎంచుకోవడంలో కాలిఫోర్నియా నియమాలు మంచి కొలబద్ద. అక్కడి గాలి కాలుష్య మండలి 1967లో ఏర్పడింది. ఇంజన్ మార్పు మీద అక్కడ మూడు షరతులున్నాయి. కొత్తగా వేసే ఇంజన్ వయసు బండి వయసుకి సమానంగానో అంతకంటే తక్కువగానో ఉండాలి. కారులో బరువు లారీ ఇంజన్ పెట్టకూడదు. ఆ ఇంజన్‌తో కంపెనీ ఇచ్చిన పొగ నియంత్రణ సామగ్రి మొత్తం దానితోపాటే రావాలి. ఇవి ఎమిరేట్స్ చట్టంలోని మాటలు కావు. కానీ ఈ మూడూ పాటించిన బండి ఏ ఊరి పాసింగులోనైనా ధైర్యంగా నిలబడుతుంది.

మన పెళ్ళి సంబంధాల్లో ఒకే ఇంటిపేరు కుదరదు. ఇంజన్ సంబంధంలో మాత్రం ఇంటిపేరు కలిస్తేనే సుఖం. వై60లో ఉండే టీబీ42 ఇంజన్ 4,169 సీసీలది. దాని తర్వాత టీబీ45 వచ్చింది, ఆ తర్వాత 4,759 సీసీల టీబీ48 వచ్చింది. అన్నీ వరసగా ఆరు సిలిండర్లున్న ఒకే కుటుంబం. పాత 4.2 కూర్చున్న చోటే 4.8 దాదాపు సర్దుకుంటుంది. ఛాసిస్‌కి కోతలూ వెల్డింగులూ అంతగా అక్కర్లేదు. ఈ ఇంజన్ ఉన్న వై61నే ఇక్కడివాళ్ళు 'వీటీసీ' అని ముద్దుగా పిలుస్తారు. కొన్ని తొలి వై60లలో కార్బురేటరే ఉండేది. దాని స్థానంలో కంప్యూటరుతో నడిచే టీబీ48ని సామగ్రి అంతటితో సహా వేస్తే, బండికి బలం పెరుగుతుంది, పొగ తగ్గుతుంది. సంప్రదాయానికీ చట్టానికీ చెయ్యి కలిసేది ఇక్కడే.

మిగతా వరులకూ గుణాలున్నాయి. టొయోటా 2జేజెడ్, 2,997 సీసీలతో, ఇనుప బ్లాకుతో ఎంత ఒత్తిడినైనా తట్టుకుంటుంది. కానీ అది అమర్చి వచ్చిన సుప్రా తయారీ 2002లోనే ఆగింది. హాఫ్ కట్‌గా, అంటే పాత కారు ముందు సగం కోసి పంపినవిగా, వచ్చే ఇంజన్లలో చాలావాటికి సెన్సార్లో, వైరింగో పోయి ఉంటాయి. జనరల్ మోటార్స్ ఎల్ఎస్ కుటుంబం 1997లో కార్వెట్‌తో మొదలైంది. అందులో ఎల్ఎస్1 అల్యూమినియం బ్లాకు వల్ల ముందు భాగం మీద బరువు తగ్గుతుంది. ఆ కంపెనీయే ఈ-రాడ్ పేరుతో ఇంజన్, కంప్యూటర్, వైరింగ్, కెటలిటిక్ కన్వర్టర్లు, ఆక్సిజన్ సెన్సార్లు, ఆవిరి పట్టే బొగ్గు డబ్బా అన్నీ కలిపి ఒక సెట్టుగా అమ్మింది. చట్టబద్ధమైన మార్పంటే ఏమిటో ఆ పెట్టె తెరిచి చూస్తే తెలుస్తుంది. ఒక్క ఇంజన్ రాదు, దాని పరివారమంతా వస్తుంది.

పరివారం చేసే పని

పరివారంలో ఎవరి పని వారిది. కెటలిటిక్ కన్వర్టర్ కార్బన్ మోనాక్సైడునీ, కాలని పెట్రోలు కణాలనీ, నైట్రోజన్ ఆక్సైడులనీ కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి, నైట్రోజనుగా మారుస్తుంది. కానీ అది దాదాపు 300 డిగ్రీలకు వేడెక్కాకే పనిలోకి దిగుతుంది. పెట్రోలు ఒక వంతుకి గాలి 14.7 వంతులు ఉంటేనే మూడు విషాలనూ ఒకేసారి శుద్ధి చేస్తుంది. ఆ లెక్క తప్పకుండా కాపలా కాసేది పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సారు. అందుకే కన్వర్టర్‌ను ఇంజన్‌కి మరీ దూరంగా కట్టినా, సెన్సారుకి ముందు జాయింటులో గాలి చొరబడినా లెక్కంతా తారుమారవుతుంది. చాలా బండ్లు పాసింగులో తప్పడానికి కారణం ఇంజన్ కాదు, ఇలాంటి చిన్న లోపమే.

వేసవిలో 45 డిగ్రీలు దాటే ఈ నేల మీద బొగ్గు డబ్బా విలువ మరీ ఎక్కువ. ఎండలో నిలిపిన బండి ట్యాంకులోంచి పెట్రోలు ఆవిరవుతూనే ఉంటుంది. ఆ ఆవిరిని బొగ్గు పీల్చి దాచిపెట్టి, ఇంజన్ నడిచేటప్పుడు కాల్చడానికి పంపుతుంది. 'ఇదెందుకులే' అని మొదట పీకేసేది ఈ డబ్బానే. ఈ ఊరికి ముందు కావలసిందీ అదే.

ఆపైన మేస్త్రీతనం: రేడియేటరూ ఫ్యానూ కొత్త వేడిని తట్టుకుంటాయా, ఇరుసు పైకి లేచినప్పుడు ఆయిల్ సంపుకి తగులుతుందా, గేర్‌బాక్స్, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఆ బలాన్ని మోయగలవా, పెరిగిన వేగానికి బ్రేకులు సరిపోతాయా. ఇన్ని జాగ్రత్తలూ ఇంజన్ కొనకముందే తీసుకోవాలి. అనుమతి కూడా అంతే. లైసెన్సింగ్ విభాగంలో ముందు అడిగి, ఇంజన్ కొన్న రశీదు, కస్టమ్స్ కాగితం భద్రపరిచి, పని అయ్యాక కొత్త నంబరును ముల్కియాలో ఎక్కించుకోవాలి. మన దేశంలోనూ దారి ఇదే. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అనుమతి లేని మార్పును ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటనే గట్టిపరిచింది.

బలానికి అర్థం

చట్టం కళకి అడ్డు అనుకునేవాళ్ళు ఉన్నారు. నేనలా అనుకోను. ఎంత పెద్ద ఇంజనైనా డబ్బు పెడితే వస్తుంది. తీగ తెగకుండా, సెన్సారు పోకుండా, బండి పుట్టినప్పటికంటే శుభ్రమైన ఊపిరి వదిలేలా దాన్ని కూర్చోబెట్టడానికి నేర్పు కావాలి. బనియాస్ వీధుల్లో ఆడుకునే పిల్లలు పీల్చేదీ, గ్యారేజీలో పగలంతా నిలబడే మన మనిషి పీల్చేదీ ఆ గాలే. కాగితం సరిగ్గా ఉన్న బండిని బీమా కంపెనీ కాదనలేదు, కొనేవాడు అనుమానించడు, కొడుకు పేరు మీదికి మార్చుకోవచ్చు.

పని ముగిశాక మంచి మేస్త్రీ చేసే చివరి పని చాలా చిన్నది. గుడ్డ ముక్కతో ఇంజన్ బ్లాకు మీద నంబరు చెక్కిన చోట నూనె తుడుస్తాడు, పాసింగులో చూసే మనిషి దాన్ని తేలిగ్గా చదవగలిగేలా. దాచుకోవలసిందేమీ లేని పని అది.