గడిలో వనజ చోటు ఏది?

దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ నవలలో మనల్ని గడిలోకి తీసుకెళ్ళేవాడు సారంగపాణి. బతుకుతెరువు వెతుక్కుంటూ కోస్తా నుంచి తెలంగాణ పల్లెకు వచ్చిన పాటగాడు. ఆడబాప వనజను నేను చూసింది ఎక్కువగా అతని కళ్ళతోనే. ఆమె మీద జాలి కలిగింది. కానీ ఒంటరిగా ఉన్నప్పుడు ఆమె ఏమనుకునేదో తెలియలేదు.

నాది వేటపాలెం. 1918లో పెట్టిన మా సారస్వత నికేతనంలోనే ఈ నవల చదివాను. మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన నాకు గడి, వెట్టి అన్నవి పుస్తకాల్లో మాటలే. అందుకే విసునూరు గడి శిథిలాలు చూడ్డానికి వెళ్ళినప్పుడు నేనూ పాణిలాగే బయటి మనిషిని.

కూలిన గోడలు, మొలిచిన పిచ్చిచెట్లు. శిథిలానికి ఒక మాయ ఉంది. ఎవరు కట్టించారో చెబుతుంది కానీ సున్నం మోసిందెవరో చెప్పదు. సుందరయ్యగారి లెక్కలో విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి భూమి సుమారు 40,000 ఎకరాలు. ఆ భూమి గింజల్ని దంచింది, గడికి నీళ్ళు మోసింది, చంటిబిడ్డల్ని ఇంట్లో వదిలి వెట్టికి వచ్చింది ఆడవాళ్ళు.

గడిని ‘దొర వర్సెస్ ప్రజలు’ అని మాత్రమే చదివితే ఇక్కడ ఇబ్బంది వస్తుంది. దొర తల్లి జానమ్మ కడవెండిలో పెత్తనం చేసింది. 1946 జులై 4న దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు బలైంది ఆ ఊళ్ళోనే. దొరసానీ ఆడదే, పెళ్ళికూతురితోపాటు అరణంగా పంపిన ఆడబాపా ఆడదే. ఒకే కప్పు కింద ఉన్న ఈ ఇద్దరినీ ‘స్త్రీ’ అన్న ఒక్క మాటలో ఎలా ఇమడ్చగలం?

బి. నర్సింగరావు ‘దాసి’ (1988) ఈ ప్రశ్నకు దగ్గరగా వెళ్ళింది. కెమెరా గడి లోపలే ఉండి కమలాక్షి చాకిరీని నింపాదిగా చూస్తుంది. దొర వల్ల వచ్చిన గర్భాన్ని కూడా ఉంచుకునే హక్కు లేని శరీరం ఆమెది. అర్చన మౌనం గొప్పది. అయినా అది మౌనమే.

మాట దొరికింది గడి బయట. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో చాకలి ఐలమ్మ తన కథ తానే చెప్పింది. కౌలుకు చేసిన పొలంలో పంటను విసునూరు దొరకు దక్కనివ్వని మనిషి ఆమె. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. సంతోషమే. ఐలమ్మకు పొలం ఉంది, వెనక సంఘం ఉంది. ఆడబాపకు ఆ రెండూ లేవు. అందుకే ఆమె మన సాహిత్యంలో పాత్రగా మిగిలింది తప్ప వక్త కాలేకపోయింది.

గడులను కాపాడాలా, కూలిపోనివ్వాలా అని వాదించుకుంటూ ఉంటాం. కాపాడితే మంచిదే, కానీ దొర కచేరీ ఇది, పడకగది ఇది అని చూపించి ఊరుకుంటే కాపాడినట్టు కాదు. వడ్లు దంచిన చోటు, ఆడబాప పడుకున్న మూల కూడా చూపించాలి. రాసేవాళ్ళం మనం చేయాల్సిందీ అదే. పాణి వెంట వెళ్ళి వనజను చూసింది చాలు. వనజ వైపునుంచి పాణిని చూసే నవల ఇంకా రావలసి ఉంది.