నూనె చుట్టూ గోడ

బాపట్ల దగ్గర సూర్యలంక వైపు రొయ్యల హేచరీల్లో ఆల్గే గది అని ఒకటుంటుంది. ఏసీ చల్లదనం, వరసగా ట్యూబులైట్లు, సీసాల్లో బుడబుడమంటూ గాలి. అందులో గోధుమరంగున పెరిగేది కీటోసెరాస్ అనే డయాటమ్, ఒంటికణపు నాచు. జోయా అనే లార్వా దశలో వనామి రొయ్యపిల్లకు అదే తిండి. అక్కడి కుర్రాళ్లు చుక్క నీళ్లు గళ్ల స్లైడు మీద వేసి, మైక్రోస్కోపులో కణాలు లెక్కపెడుతుంటే అలా చూస్తూ ఉండిపోతాను. కణాన్ని పెంచడం మన తీరానికి బాగా పట్టుబడిన విద్య.

ఆ కణంలో నూనె ఉంది. నీళ్లలో సిలికా తగ్గిస్తే ఇంకా పోగేసుకుంటుంది. నైల్ రెడ్ రంగు కలిపి ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోపు కింద పెడితే నూనె బొట్లు పసుపుపచ్చగా మెరుస్తాయి. 1978 నుంచి 1996 దాకా అమెరికా ప్రభుత్వం నాచు నుంచి ఇంధనం కోసం పరిశోధన నడిపింది. వాళ్లు పరీక్షించిన వాటిలో కీటోసెరాస్ కూడా ఉంది. పెట్రోలు ధర ముందు ఆ నూనె నిలవలేకపోయింది.

చిక్కంతా ఆ నూనె చుట్టూ ఉన్న కణపు గోడ దగ్గరే. బాపట్ల ఇసుక నేలల్లో పండిన వేరుశనగ గానుగలో వేస్తే నూనె దిగుతుంది. వెంట్రుక మందంలో పదో వంతు ఉండే కణం ఏ గానుగకూ దొరకదు. అందుకని ఎండబెట్టి, హెక్సేన్ లాంటి ద్రావకంతో లాగుతారు. ఎండబెట్టడానికే బోలెడు ఖర్చు.

నీళ్లలో ఉండగానే చీల్చే దారి మైక్రోఫ్లూయిడిక్ చిప్. కణం పట్టీపట్టని సన్నటి కాలువ, దాని గోడలకు ముళ్లు. బర్క్‌లీ శాస్త్రవేత్తలు 2003లో ఇలాగే, ఏ రసాయనమూ వాడకుండా, మనిషి కణాలను చీల్చి చూపించారు. మెత్తని కణమైతే సాగి, నలిగి, అవతలికి తేలి మళ్లీ కుదురుకోవచ్చు. డయాటమ్‌ది సిలికా పెంకు, అది పగులుతుంది. పగిలిన ముక్కలే కాలువకు అడ్డం పడతాయి.

నిమిషానికి 10 మైక్రోలీటర్లు పారే కాలువలో లీటరు నీళ్లు దాటాలంటే దాదాపు 70 రోజులు. లీటరుకు అర గ్రాము నాచు, అందులో ఐదో వంతు నూనె అనుకున్నా, చివరికి మిగిలేది 0.1 గ్రాము. ఇలాంటి చిప్పుతో డీజిల్ తీస్తామంటే నేను నమ్మను.

నాకు కావాల్సింది ఆ చిప్పు చెప్పే కొలత. ఏ జాతి ఎంత ఒత్తిడికి పగులుతుందో తెలిస్తే, పెద్ద యంత్రానికి ఎంత కరెంటు అవసరమో ముందే అంచనా కట్టొచ్చు. ఉప్పు మళ్లలో బతికే డునాలియెల్లా అనే నాచుకు గట్టి గోడే ఉండదు. బాపట్ల ఇంజినీరింగ్ పిల్లలు ఒకే చిప్పులో దాన్నీ కీటోసెరాస్‌నూ నడిపి, రెంటి మధ్య తేడా ఎంతో తేల్చాలి.