జావా ఎంటర్‌ప్రైజ్ వేదిక: గుణదోష విచారణ

ఒక బ్యాంకు ఖాతానుండి వేయి రూపాయలు తీసి మరియొక ఖాతాలో వేయవలెను. మొదటి పని జరిగిన వెంటనే కంప్యూటరు ఆగిపోయినచో ఆ వేయి రూపాయలు ఏమగును? రెండు పనులును జరుగవలెను, లేదా రెండును జరుగకుండవలెను. ఒకేసారి వేలమందికి ఇట్టి సేవలు చేయు పెద్ద సంస్థలలో ఈ జాగ్రత్తను ప్రతి ప్రోగ్రాములోను మరల మరల వ్రాయుట విసుగు పని, ప్రమాదకరము కూడ.

ఈ భారమును దింపుటకై సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1999 డిసెంబరులో జె2ఇఇ అను వేదికను వెలువరించినది. ప్రోగ్రామరు వ్యాపార నియమములను వ్రాసిన చాలును. లావాదేవీని ఆరంభించుట, విఫలమైనచో వెనుకకు మరల్చుట, వచ్చినవాని అధికారమును పరీక్షించుట 'కంటెయినర్' అను ఆవరణ చూచుకొనును. ఈ ఆలోచన ఎంతయు మెచ్చదగినది. పైగా సన్ ఇచ్చినది నియమావళి. దాని ననుసరించి ఐబిఎం, బిఇఎ వంటి సంస్థలు వేర్వేరుగా సర్వర్లను తయారుచేసినవి. కొనువారికి ఎంపిక లభించినది.

దోషము ఆ వేదికలోని ఎంటర్‌ప్రైజ్ జావాబీన్స్ అను భాగమున నున్నది. పిలువబడు వస్తువు అదే కంప్యూటరులో నున్నను, వేరొక ఊరిలోని కంప్యూటరులో నున్నను పిలుచు తీరు ఒక్కటే కావలెనని దాని ఉద్దేశము. వినుటకు సొంపుగనే యున్నది. కాని నెట్‌వర్కు మీదుగా పోయివచ్చు పిలుపునకు లోపలి పిలుపుకంటె వేల రెట్లు కాలము పట్టును. ఖాతాదారు పేరు కొకసారి, చిరునామా కొకసారి, నిలువ కొకసారి పిలుచుట ఉప్పు కొకసారి, పప్పు కొకసారి సంతకు పోయివచ్చుట వంటిది. దారిలో తెగినచో, అవతల పని జరిగినదో లేదో పిలిచినవానికి తెలియదు. దగ్గర వస్తువులను, దూరపు వస్తువులను ఒకే తీరున చూచుట పొరపాటని సన్ సంస్థ పరిశోధనాలయమునందే జిమ్ వాల్డో, ఆయన సహచరులు 1994లోనే వ్రాసియుండిరి. ఇంటివారి మాట ఇంటివారే వినకపోవుట విచారకరము.

2001లో వచ్చిన సవరణ దగ్గరి పిలుపులకు వేరు మార్గము చూపినది. అయినను ఒక చిన్న అంశమునకు రెండు ఇంటర్‌ఫేసులు, ఒక క్లాసు, ఆపై ఎక్స్‌ఎంఎల్ వివరణ వ్రాయవలసియే యుండెను. గోరంత పనికి కొండంత తతంగము! 2002లో రాడ్ జాన్సన్ తన గ్రంథమున దీనిని గట్టిగా విమర్శించి, సులభమార్గమును కోడుతో సహా చూపెను. ఆ కోడే పెరిగి స్ప్రింగ్ అయినది. దాని తొలి పూర్తి రూపము 2004లో వెలువడినది. సామాన్యమైన జావా క్లాసులతోనే పని నడిపించి, లావాదేవీల రక్షణను మాత్రము అది విడువలేదు. 2006నాటి జావా ఇఇ 5 ఆ సరళతనే అనుసరించినది.

2010లో సన్ ఒరాకిల్ పరమైనది. ఒరాకిల్ ఈ వేదికను ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగించినను, జావా అను పేరు వాడు హక్కును ఇయ్యలేదు. అందుచే 2018లో జకార్తా ఇఇ అను క్రొత్త పేరు వచ్చినది. 2020 డిసెంబరునాటి 9వ రూపమున ప్యాకేజీల పేర్లలోని 'జావాఎక్స్' స్థానమున 'జకార్తా' చేరినది. చక్కగా నడచుచున్న ప్రోగ్రాములను సైతము క్రొత్త సర్వర్లకు మార్చుటకై తిరిగి సవరింపవలసి వచ్చెను. ఈ శ్రమకు కారణము ట్రేడ్‌మార్కు తగవే గాని శాస్త్రావసరము గాదు.