తూర్పు సముద్రంలో సూర్యాస్తమయం

మూడేళ్ళ క్రితం తొట్లకొండ మీద ఒక వ్యాసం రాశాను. విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్ళే సముద్రపు ఒడ్డు దారిలో, ఊరికి పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న బౌద్ధ క్షేత్రం అది. రెండువేల ఏళ్ళ నాటి ఆరామం, 1976లో నౌకాదళం సర్వే చేస్తుంటే శిథిలాలు బయటపడటం, ఆ తర్వాత పురావస్తు శాఖ తవ్వకాలు, శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు, అన్నీ వేశాను. సముద్రంలోకి మెల్లగా జారిపోతున్న ఎర్రటి సూర్యుణ్ణి చూస్తూ కొండ దిగానని ముగించాను. చదివినవాళ్ళు చాలామంది బాగుందన్నారు.

నాన్న కూడా చదివారు. కళ్ళద్దాలు తీసి, "బాగుంది గానీ ఒరే, మన సముద్రం ఏ దిక్కునుంది?" అన్నారు.

"తూర్పున."

"మరి సూర్యుడు అందులో ఎలా మునిగాడు?"

నాకు మాట రాలేదు. పుట్టి పెరిగిన ఊరు. రోజూ పొద్దున్న సూర్యుడు సముద్రంలోంచి లేచి, సాయంత్రం కొండల వెనక్కి పోవడం నలభై ఏళ్ళుగా చూస్తున్నవాణ్ణి. ఆయన అంతటితో ఆగలేదు. "అంత ఎండలో కొండెక్కావు కదా, మంచినీళ్ళెక్కడ తాగావో లేదేటి ఇందులో?" అనడిగారు. నిజమే, లేదు. అసలు ఆ వ్యాసంలో నేనే లేను. అక్కడి బోర్డు ఉంది, ఇంటికొచ్చాక చదివిన రెండు పుస్తకాలు ఉన్నాయి. ఆ సూర్యాస్తమయం మాత్రం ఎక్కడిదో తర్వాత ఆలోచిస్తే తెలిసింది. గోవా మీద, కేరళ మీద నేను చదివిన యాత్రా వ్యాసాల్లోది. అరేబియా సముద్రపు సూర్యుణ్ణి తెచ్చి బంగాళాఖాతంలో ముంచాను.

ఇది నా ఒక్కడి పొరపాటే అయితే ఇక్కడ చెప్పుకోవాల్సిన పని లేదు. దగ్గరి చోట్ల గురించి మనం తెలుగులో రాస్తున్నదాంట్లో ఎక్కువ భాగం ఇలాగే ఉంటోందని నా ఫిర్యాదు. ఆదివారం అనుబంధాల్లో, పర్యాటక శీర్షికల్లో "ఒక్కరోజులో చూసి రాదగ్గ ప్రదేశాలు" అని వచ్చే రాతలు చూడండి. ప్రతి జలపాతమూ కనువిందు చేస్తుంది. ప్రతి కొండా ప్రకృతి ఒడిలో ఉంటుంది. ప్రతి చెరువూ మనసు దోచుకుంటుంది. చిన్న పరీక్ష పెట్టి చూశాను. అలాంటి వ్యాసం ఒకటి తీసుకుని ఊరి పేరు, కిలోమీటర్ల అంకె మార్చాను. అనంతగిరి మీద రాసింది తలకోనకి సరిపోయింది. వికారాబాద్ దగ్గరి అనంతగిరికి, అరకు దారిలోని అనంతగిరికి తేడా లేకుండా రెంటికీ సరిపోయింది. ఏ ఊరికైనా సరిపోయే వాక్యం ఏ ఊరినీ చూసి రాసింది కాదు.

మన యాత్రాసాహిత్యం ఇలా ఎందుకైందని ఆలోచిస్తే ఒక విచిత్రం కనిపించింది. కథకుల పుస్తకాల పేర్లు చూడండి: 'మా పసలపూడి కథలు', 'దర్గామిట్ట కతలు', 'మిట్టూరోడి కతలు'. ఊరి పేరు, పేట పేరు అట్ట మీదే ఉంటుంది. యాత్రా పుస్తకాల పేర్లు చూస్తే కాశీ, కాశ్మీరం, యూరప్, అమెరికా. కథ రాయాలంటే ఇంటి వెనక సందు చాలు. ప్రయాణం గురించి రాయాలంటే మాత్రం రైలో విమానమో ఎక్కి తీరాలి! దూరం పోయినవాడికే చెప్పే హక్కుందని ఎప్పుడో అనేసుకున్నట్టున్నాం. దగ్గరికి పోయి వచ్చినవాడు చెప్పబోతే "అదా, మాకు తెలుసులే" అంటాం. నిజంగా తెలుసా అంటే, నాకు తెలిసినంత!

ఇందుకు ఏనుగుల వీరాస్వామయ్యగారి 'కాశీయాత్ర చరిత్ర'ను ఎవరైనా ఆదర్శంగా చూపితే నేను ఒప్పుకోను. ఆ పుస్తకం నా వైపు సాక్ష్యం. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయల్దేరి, కడప, కర్నూలు, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశీ చేరి, తూర్పు కోస్తా దారిన 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. దారి పొడవునా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైకి రాసిన ఉత్తరాలే 1838లో పుస్తకంగా అచ్చయ్యాయి. పేరు కాశీదే. ఈనాడు మనం ఆ పుస్తకాన్ని తెరిచేది మాత్రం కాశీ కోసం కాదు, కాశీ గురించి చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. తెరిచేది కడప జిల్లా దారుల కోసం, తెలంగాణ పల్లెల కోసం. ఏ మజిలీలో అంగళ్ళున్నాయి, ఏ ఊళ్ళో సత్రం ఉంది, ఏ దారి రాళ్ళమయం, ఏ బావి నీళ్ళు బాగుంటాయి అని ఆయన రాసుకుంటూ పోయారు. వంట చేసుకుని, మనుషుల్ని వెంటబెట్టుకుని సాగేవాడికి అవన్నీ అవసరాలు. ఎవరూ ఆగి చూడని చిన్న ఊళ్ళు ఆ అవసరం వల్లే పుస్తకంలోకి వచ్చాయి. ఒకరకంగా, ఒకదాని పక్కన ఒకటి పేర్చిన కొన్ని వందల దగ్గరి ప్రయాణాలే ఆ దూరపు ప్రయాణం. నాన్న అడిగిన ప్రశ్నకి ఆయన దగ్గర దాదాపు రోజుకో జవాబుంది.

అలా చూసేవాళ్ళు తర్వాత లేకుండా పోలేదు. కాలినడకనే తన పద్ధతిగా చేసుకున్న ఆచార్య ఎం. ఆదినారాయణ 'భ్రమణ కాంక్ష' ఉంది. మనవాళ్ళ యాత్రా రచనల్ని వెతికి ఆయన ఒకచోట చేర్చిన 'తెలుగువారి ప్రయాణాలు' ఉంది. అడవులూ నదులూ పట్టుకు తిరిగిన వాడ్రేవు చినవీరభద్రుడు 'నేను తిరిగిన దారులు' ఉంది. నడిచేవాడికి దూరం, దగ్గర అనే తేడా కొంత చెరిగిపోతుంది, ప్రతి మైలూ కాళ్ళకి తెలుస్తుంది గనక. కానీ ఇవి పెద్ద తిరుగుళ్ళ పుస్తకాలు. పొద్దున్న వెళ్ళి రాత్రికి ఇల్లు చేరే మామూలు మనిషి ప్రయాణానికి మన దగ్గర ఇంకా సరైన రాత లేదు.

దగ్గరి ప్రయాణం రాయడం తేలికని ఒక అపోహ. నాకైతే అదే కష్టం. ఐస్‌లాండ్‌లో మంచు నీలంగా ఉందని మీరు రాస్తే నేను నమ్మాలి, నాకు వేరే దారి లేదు. తొట్లకొండ మీద అబద్ధం రాస్తే పాఠకుడు భీమిలి బస్సెక్కి, టికెట్టు తీసుకుని, వచ్చి సరిచూసుకుంటాడు. అంతెందుకు, ఇంట్లో కూర్చునే పట్టుకుంటాడు. దూరం రచయితకి ఇచ్చే రక్షణ ఇక్కడ ఉండదు. ఎవరూ చూడని చోటుని చూపించడం ఒక పని. అందరూ చూశామనుకునే చోటుని నిజంగా చూపించడం ఇంకో పని, దానికి చూపు తప్ప వేరే పెట్టుబడి లేదు.

ఆ మాటల తర్వాత నెల తిరక్కుండానే నాన్నతో కలిసి మళ్ళీ వెళ్ళాను. బస్సు దిగి ఘాట్ రోడ్డు పట్టుకుని నడిచాం. నీళ్ళు రెండు సీసాలు ఇంటి నుంచే తీసుకెళ్ళాం, సగం దారిలో ఒకటి అయిపోయింది. పైకెళ్ళాక నేను అలవాటుగా స్తూపం వైపు నడిచాను. ఆయన బోర్డు చదవలేదు. రాతిలో తొలిచిన తొట్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నారు. కాసేపు నేల వాలు అటూ ఇటూ చూసి, "వానొస్తే నీళ్ళన్నీ ఇటే రావాలి. చూసే తవ్వారు" అన్నారు. పల్లెలో పుట్టి, చిన్నప్పుడు పొలానికి నీళ్ళు మళ్ళించిన మనిషి. నేను పుస్తకంలో 'రాతిలో తొలిచిన నీటి తొట్లు' అని ఒక ముక్కలో చదివి దాటేసింది ఆయనకి అక్కడ బతికిన మనుషుల లెక్కలా కనిపించింది. కింద కనుచూపు మేరా సముద్రం, తాగడానికి చుక్క పనికిరాదు. కొండ మీద అంతమంది భిక్షువులు, వాళ్ళకో వంటశాల, ఓ భోజనశాల. వాన నీరు దాచుకోకపోతే అక్కడ ఏ ధర్మమూ నిలవదు.

అప్పుడు ఇంకో సంగతి తట్టింది. 1976లో నౌకాదళం 'కనుగొంది' అని నేను రాశాను. మరి తొట్లకొండ అనే పేరు? తొట్లని చూసినవాళ్ళే ఆ పేరు పెట్టుంటారు కదా! దగ్గర్లోనే ఉన్న ఇంకో బౌద్ధ క్షేత్రం బావికొండ, అక్కడి బావుల వల్ల ఆ పేరు. రెండు పేర్లూ నీళ్ళవే. గొడ్లు కాసుకునేవాళ్ళో, కట్టెలకి వచ్చినవాళ్ళో, ఎవరో కొండెక్కి, దాహమేసి, చూసి, చెప్పుకున్న మాటలవి. ఆ కొండ మీద మొదటి యాత్రా రచన ఆ పేరే అనిపించింది నాకు. నా వ్యాసం మొత్తంలో లేని సమాచారం అందులో ఉంది.

ఈ దగ్గరి తిరుగుడు మనకి కొత్తేమీ కాదు. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనాలున్నాయి. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ ఉంది. అది భక్తే, కాదనను. కానీ తమ ఊరిని ఏడాదికొకసారి చుట్టూ నడిచి చూసే మనుషులు వాళ్ళు. దాని మీద ఏటా వచ్చే రాతలో భక్తుల రద్దీ, ఏర్పాట్లు తప్ప దారి ఉండదు. వనభోజనాల మీద రాసేవాళ్ళు ఉసిరి మహిమ రాస్తారు. ఇప్పుడు ఆ భోజనాలు కుల సంఘాల వారీగా, ఎవరి తోటలో వాళ్ళవిగా జరుగుతున్న సంగతి రాయరు. పక్క చెట్టు కింద ఎవరు కూర్చోవచ్చు, ఎవరు కూర్చోకూడదు అన్నది కూడా ఆ చోటులో భాగమే. దగ్గరి ప్రయాణం రాసేవాడు దాన్ని తప్పించుకుంటే మళ్ళీ 'ప్రకృతి ఒడి' దగ్గరికే చేరతాడు.

ఇదంతా రాత బాగోగుల గొడవే అనుకుంటే పొరపాటు. తొట్లకొండ నుంచి భీమిలి వైపు ఇంకొంచెం పోతే ఎర్రమట్టి దిబ్బలొస్తాయి. వేల ఏళ్ళ పాటు సముద్రం ముందుకీ వెనక్కీ జరిగిన కాలాల్లో పేరుకున్న ఇసుక అది. ఇనుము తుప్పు పూతతో ఎర్రబడింది, వాన కోసి లోయలు చేసింది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. అయినా అక్కడ తవ్వకాల గురించి, చదును చేయడం గురించి పత్రికల్లో వార్తలు వస్తూనే ఉన్నాయి. మన రాతల్లో దిబ్బలు సినిమా పాటలు తీసిన చోటుగా, ఫొటోలకి అనువైన చోటుగానే మిగిలాయి. ఏ గట్టు ఎంత ఎత్తుండేది, ఏ వాగు ఎక్కడ తిరిగేది, జీడిమామిడి చెట్లు ఎక్కడిదాకా ఉండేవి అని రాసిపెట్టినవాళ్ళు ఎంతమంది? రేపొక గట్టు మాయమైతే, ఇక్కడొకటి ఉండేదని చెప్పడానికి 'కనువిందు' అనే మాట ఏ పంచాయితీలోనూ సాక్ష్యానికి రాదు. వీరాస్వామయ్యగారి బావులు ఇప్పుడు ఉన్నా లేకపోయినా, ఉండేవని మనకి తెలుసు.

అందుకే ఇకముందు ఇలాంటి రాత ఏది చేతికొచ్చినా నేను నాన్న ప్రశ్నలతోనే చదువుతాను. ఏ దిక్కు? ఏ బస్సు, ఎక్కడ దిగారు? నీడ ఉందా? నీళ్ళెక్కడ? అక్కడ ఎవరు కనిపించారు, ఏమన్నారు? వీటికి జవాబులున్న వ్యాసంలో వర్ణన కాస్త తక్కువైనా నాకు పట్టింపు లేదు. మంచి వర్ణన ఆ జవాబుల్లోంచే వస్తుంది.

తొట్లకొండ వ్యాసం తిరగరాశాను. ఈసారి సూర్యుడు కొండల వెనకే దిగాడు. నాన్నకి చూపించాను. మొత్తం చదివి, "మనం దిగిన స్టాపు ఇది కాదురా, దీనికి ముందుది" అన్నారు. మర్నాడు మళ్ళీ భీమిలి బస్సెక్కాను. ఆయన చెప్పిందే నిజం.